కొవ్వొత్తులు దాచినా ఆగని చదువు: సోఫీ జెర్మేన్



మీ పిల్లల బ్యాగులో ఒక స్టీలు స్కేలు ఉండే ఉంటుంది. దాన్ని రెండు చివర్లా రెండు లావుపాటి పుస్తకాల మీద ఆనించి, సరిగ్గా మధ్యలో వేలితో నొక్కి చూడండి. ఒక సెంటీమీటరు దాకా కిందికి దిగుతుంది. వేలు తీయగానే మళ్లీ తిన్నగా అవుతుంది. ఎంత దిగిందో మీకు కనిపిస్తుంది, ఇంకో స్కేలు పెట్టి కొలవొచ్చు కూడా. కానీ ఆ క్షణంలో లోపలి ఉక్కు మీద ఎంత లాగుడు పడుతోందో, అది పాడయ్యే హద్దుకు ఎంత దగ్గరగా ఉందో కంటికి కనిపించదు. కనిపించే వంపును బట్టి కనిపించని ఆ స్ట్రెస్‌ను లెక్కగట్టడం సివిల్, మెకానికల్ విద్యార్థులు ఇంజినీరింగ్‌లో తొలినాళ్లలోనే నేర్చుకునే పాఠం. మన ఇంటర్ ఫిజిక్స్ తెలుగు పుస్తకంలో దీన్నే ప్రతిబలం అంటారు.

బీమ్‌ల విషయంలో ఆ లెక్క కొంత ముందే తేలింది. బీమ్ బదులు పలక వంగితే ఏమవుతుందన్నది మాత్రం చాలాకాలం ఎవరికీ కొరుకుడు పడలేదు. దానికి మొదటి సరైన ఆలోచన ఇచ్చిన మనిషి ఏ కాలేజీలోనూ చదవలేదు, ఎందుకంటే చేర్చుకోలేదు. ఈ నెల ఆమె గురించే చెప్పుకుందాం.

సోఫీ జెర్మేన్ 1776 ఏప్రిల్ 1న పారిస్‌లో పుట్టింది. తండ్రి ఆంబ్రోజ్ ఫ్రాంస్వా పట్టు వ్యాపారి. బాగా కలిగిన కుటుంబం, ముగ్గురు ఆడపిల్లలు. సోఫీ రెండోది. 1789లో ఫ్రెంచి విప్లవం మొదలైంది. తండ్రి ఆ ఏడాదే ప్రజాప్రతినిధిగా ఎన్నికయ్యాడు. వీధుల్లో అల్లర్లు. పదమూడేళ్ల పిల్లకు బయటికి వెళ్లే వీలు లేక ఇంట్లో ఉన్న తండ్రి గ్రంథాలయమే లోకమైంది. అక్కడ గణిత చరిత్ర పుస్తకం ఒకటి దొరికింది. అందులో ఆర్కిమెడిస్ కథ చదివింది: రోమన్ సైనికుడు వచ్చి నిలబడినా ఇసుకలో గీసుకున్న బొమ్మ మీంచి తల ఎత్తక ప్రాణం పోగొట్టుకున్న మనిషి కథ. ప్రాణం కంటే ముఖ్యమనిపించేంతగా ఒక మనిషిని పట్టి ఉంచిన ఆ విద్య ఏమిటో తెలుసుకోవాలని సోఫీకి అనిపించిందట.

దొరికిన లెక్కల పుస్తకమల్లా చదవడం మొదలుపెట్టింది. న్యూటన్, ఆయిలర్ రాసినవి లాటిన్‌లో ఉంటే లాటిన్ కూడా తనే నేర్చుకుంది. పగలు ఎవరైనా చూస్తారని రాత్రిళ్లు చదివేది.

ఇంట్లో వాళ్లకు ఇది నచ్చలేదు. ఆ రోజుల్లో ఆ స్థాయి కుటుంబాల్లో ఆడపిల్లకు కాస్త సంగీతం, నలుగురిలో మాట్లాడే తీరు తెలిస్తే చాలనుకునేవారు. లెక్కలు నేర్పడమంటే పిల్ల ఆరోగ్యం, పెళ్లి రెండూ చెడగొట్టుకోవడమే అని గట్టి నమ్మకం. అందుకని తల్లిదండ్రులు రాత్రి ఆమె గదిలో కొవ్వొత్తులు తీసేశారు. చలిమంట ఆర్పించేశారు. పడుకున్నాక లేచి తిరగకుండా వెచ్చటి బట్టలు కూడా తీసుకెళ్లిపోయేవారు. సోఫీ ముందుగానే కొన్ని కొవ్వొత్తులు దాచుకుని, అందరూ నిద్రపోయాక దుప్పట్లు చుట్టుకుని కూర్చునేది. ఒక పొద్దున తల్లిదండ్రులు వచ్చి చూసేసరికి పిల్ల బల్ల మీదే నిద్రపోతోంది, సిరాబుడ్డిలో సిరా గడ్డకట్టి ఉంది, పలక నిండా లెక్కలు ఉన్నాయి.

మన ఇళ్లలో గొడవ దీనికి సరిగ్గా తలకిందులని మీలో చాలామంది నవ్వుకుంటూ ఉంటారు. స్టడీ అవర్‌లో కూర్చోబెట్టడానికే మనం నానా తంటాలు పడుతున్నాం. అయినా ఈ కథలో నన్ను ఆపేది సిరా గడ్డకట్టడం కాదు, ఆ తర్వాత తల్లిదండ్రులు చేసింది. వాళ్లు ఓడిపోయామని ఒప్పుకున్నారు. కొవ్వొత్తులు తిరిగి ఇచ్చేశారు. సోఫీ పెళ్లి చేసుకోలేదు, ఉద్యోగమూ లేదు. అలాంటి కూతురికి తండ్రి తను బతికినన్నాళ్లూ డబ్బుకు లోటు రానివ్వలేదు. ఆమె తర్వాత సాధించిన దాని వెనక ఆ ఆసరా ఉంది. దాన్ని జీవితకథల్లో ఒక్క వాక్యంలో దాటేస్తారు. అది అంత చిన్న విషయం కాదని నా అభిప్రాయం.

1794లో పారిస్‌లో ఎకోల్ పాలిటెక్నిక్ మొదలైంది. దేశంలోని ఉత్తమ గణితవేత్తలు అక్కడ పాఠాలు చెప్పేవారు. ఆడవాళ్లకు ప్రవేశం లేదు. అయితే పాఠాల నోట్సు బయట దొరికేది. సోఫీ అవి సంపాదించి చదివింది. విద్యార్థులు తమ పరిశీలనలు రాసి ఇవ్వొచ్చని తెలిసి, లెబ్లాన్ అనే ఒక విద్యార్థి పేరు పెట్టుకుని లాగ్రాంజ్ మాస్టారికి తన పేపర్ పంపింది. లాగ్రాంజ్ అప్పటికే యూరప్ అంతటా పేరున్న గణితవేత్త. పేపర్ చూసి ఆ విద్యార్థిని కలవాలన్నాడు. వచ్చినది అమ్మాయి అని తెలిశాక ఆశ్చర్యపోయాడే గానీ వెనక్కి తగ్గలేదు, మెచ్చుకుని ప్రోత్సహించాడు.

అదే దొంగ పేరుతో 1804లో జర్మనీలో ఉన్న గౌస్‌కు సంఖ్యాశాస్త్రం మీద ఉత్తరం రాసింది. ఉత్తరాలు నడిచాయి. 1806లో నెపోలియన్ సేనలు గౌస్ ఉంటున్న బ్రన్స్‌విక్‌ను పట్టుకున్నాయి. ఆర్కిమెడిస్‌కు జరిగినట్టే ఈయనకూ జరుగుతుందేమోనని సోఫీకి భయం పట్టుకుంది. కుటుంబానికి తెలిసిన ఒక సేనాధిపతిని గౌస్ క్షేమం చూడమని కోరింది. వెళ్లిన అధికారి ఆమె పేరు చెబితే, ఆ పేరు గల వాళ్లెవరూ తనకు తెలియదన్నాడు గౌస్. దాంతో 1807లో ఆమె అసలు సంగతి రాయక తప్పలేదు. గౌస్ జవాబు నిండా మెప్పే. సంఖ్యాశాస్త్రంలో ఆమె పేరున ఒక సిద్ధాంతం, ఒక రకం ప్రధాన సంఖ్యలు నేటికీ ఉన్నాయి. అది వేరే సంచికకు సరిపడే కథ.

మన కథకు కావలసిన మనిషి 1808లో పారిస్‌కు వచ్చాడు. పేరు క్లాడ్నీ, జర్మన్. అతని దగ్గర ఒక తమాషా ప్రదర్శన ఉండేది. పలచటి లోహపు పలకను ఒకచోట బిగించి, మీద సన్నని ఇసుక చల్లి, అంచును వయొలిన్ కమానుతో రుద్దేవాడు. పలక మోగేది. ఇసుక గంతులేసి, కొన్ని గీతల వెంట వచ్చి చేరి, ముగ్గులాంటి బొమ్మగా నిలిచేది. కమాను రుద్దే చోటు మారిస్తే ముగ్గు మారేది. పలక కదలకుండా ఉండే చోట్ల మాత్రమే ఇసుక నిలుస్తుందన్నది కారణం. కానీ ఏ స్వరానికి ఏ ముగ్గు వస్తుందో ముందే లెక్కవేసి చెప్పగలవాళ్లు లేరు. నెపోలియన్ స్వయంగా చూసి ముచ్చటపడ్డాడు. ఫ్రెంచి ఇన్‌స్టిట్యూట్ 1809లో పోటీ ప్రకటించింది: పలకల కంపనాలకు గణిత సిద్ధాంతం ఇవ్వాలి, అది ప్రయోగంతో సరిపోవాలి. బహుమతి 3000 ఫ్రాంకుల పతకం. గడువు రెండేళ్లు.

అది ఎందుకంత కష్టమో తెలియాలంటే మళ్లీ మన స్కేలు దగ్గరికి రావాలి.

స్కేలు వంగినప్పుడు పైపొర కొంచెం కుదించుకుంటుంది, అడుగు పొర కొంచెం సాగుతుంది. మధ్యలో సాగనూ సాగక, కుదించుకోనూ కుదించుకోక ఒక పొర ఉంటుంది. దాన్ని తటస్థ పొర అంటారు. ఆ పొర నుంచి ఎంత దూరంగా ఉంటే అంత ఎక్కువ సాగుడు. వంపు ఎంత గట్టిగా ఉంటే అంత ఎక్కువ సాగుడు. ఆ సాగుడును పదార్థపు బిగువు సంఖ్యతో, అంటే యంగ్ గుణకంతో గుణిస్తే స్ట్రెస్ వస్తుంది. మొత్తం సంగతి ఇంతే. ఇక్కడ వంపు అంటే ఎంత కిందికి దిగింది అని కాదు, ఎంత బిగువుగా వంకర తిరిగింది అని. పొడవాటి స్కేలు ఒక సెంటీమీటరు దిగితే వంపు తక్కువ. పొట్టి స్కేలు అదే సెంటీమీటరు దిగితే వంపు చాలా ఎక్కువ.

లెక్క వేసి చూద్దాం. రెండు చివర్లా ఊరికే ఆనించి, మధ్యలో నొక్కిన దీర్ఘచతురస్రపు పట్టీకి అతి పెద్ద స్ట్రెస్ కావాలంటే యంగ్ గుణకం, మందం, దిగిన దూరం మూడింటినీ గుణించి, 6తో హెచ్చించి, పుస్తకాల మధ్య దూరపు వర్గంతో భాగించాలి. ఉక్కుకు యంగ్ గుణకం చదరపు మిల్లీమీటరుకు దాదాపు 2,00,000 న్యూటన్లు. స్కేలు మందం 1 మిల్లీమీటరు, దిగింది 10 మిల్లీమీటర్లు, పుస్తకాల మధ్య దూరం 280 మిల్లీమీటర్లు అనుకుంటే, స్ట్రెస్ చదరపు మిల్లీమీటరుకు 150 న్యూటన్ల చిల్లర వస్తుంది. అంటే ఒక్క చదరపు మిల్లీమీటరు చోటును 15 కిలోల బరువు లాగుతున్నట్టు. స్కేలు దాన్ని తట్టుకుంటుంది.

ఇప్పుడు అదే పొడవుకు 10 మిల్లీమీటర్ల మందం ఉన్న ఉక్కు పట్టీ తీసుకుని, దాన్ని కూడా అదే 10 మిల్లీమీటర్లు దించారనుకోండి. స్ట్రెస్ పదిరెట్లయి 1500 దాటాలి. ఇళ్ల నిర్మాణానికి వాడే మామూలు ఉక్కు 250 దగ్గరే లొంగిపోయి, వదిలినా వంకరగానే ఉండిపోతుంది. లావుగా ఉన్నది బలమైనదని మనం అనుకుంటాం. బరువు మోయడంలో అది నిజమే. కానీ ఒకే వంపుకు లావుది ముందు పాడవుతుంది. చీపురు పుల్ల విల్లులా వంగి ఊరుకుంటుంది, అదే పొడవున్న లావు కర్రను అంతలా వంచితే ఫెళ్లున విరుగుతుంది. మీ పిల్లల చేత ఈ రెండూ వంచించి, ఎందుకలా అని అడగండి. తొమ్మిదో తరగతి పిల్లలకు ఈ ఆలోచన అందుతుంది.

వంపుకూ వంచే బలానికీ ఉన్న ఈ సంబంధాన్ని బెర్నౌలీ కుటుంబం, ఆయిలర్ సోఫీ కంటే ముందే పట్టుకున్నారు. ఆయిలర్ 1744 నాటికే సన్నని కడ్డీ ఏ ఆకారంలో వంగుతుందో లెక్కగట్టాడు. అయితే కడ్డీ ఒకే దిక్కులో వంగుతుంది. పలక అలా కాదు. ఒక్కో చోట ఒకేసారి రెండు దిక్కుల్లో వంగుతుంది, గిన్నెలా ఒకవైపుకే వంగవచ్చు, గుర్రపు జీనులా ఒక దిక్కున పైకి, ఇంకో దిక్కున కిందికి వంగవచ్చు. పలకను అడ్డంగా నిలువుగా పేర్చిన కడ్డీల జాలీగా ఊహించి 1789లో బెర్నౌలీల్లోనే ఒక కుర్రవాడు ప్రయత్నించాడు. అది సరిపోలేదు. అప్పటికి ఉన్న గణితంతో ఇది తేలదని లాగ్రాంజ్ అన్నాడని, ఆ మాటతో చాలామంది వెనక్కి తగ్గారని చెబుతారు.

1811లో గడువు ముగిసేసరికి ఒకే ఒక్క వ్యాసం వచ్చింది. అది సోఫీది.

ఆమె ఊహ చూడటానికి చాలా చిన్నది. పలక మీద ఒక బిందువు దగ్గర అతి ఎక్కువగా వంగిన దిక్కులో వంపును, దానికి లంబంగా ఉన్న దిక్కులో వంపును కలపాలి. పలక తిరిగి తిన్నగా కావడానికి చూపే బలం ఆ మొత్తానికి అనుపాతంలో ఉంటుంది. కడ్డీ విషయంలో ఆయిలర్ చెప్పినదానికి ఇది పలక రూపం. ఊహ పనికొచ్చేదే. కానీ ఊహ నుంచి సమీకరణానికి వెళ్లే దారిలో ఆమె గణితం తప్పింది. రెండు దిక్కుల్లో ఒకేసారి చేయాల్సిన కలనగణితంలో తొట్రుపడింది. పరీక్షకుల్లో ఒకడైన లాగ్రాంజ్ ఆమె ఊహనే తీసుకుని, లెక్క సరిచేసి, సరైన సమీకరణం రాసి చూపించాడు. బహుమతి ఇవ్వలేదు. గడువు పొడిగించారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ తప్పు తెలివి తక్కువై వచ్చింది కాదు. ఎకోల్ పాలిటెక్నిక్‌లో ఆమె వయసు కుర్రాళ్లు ఆ గణితాన్ని మాస్టారి ఎదుట నల్లబల్ల మీద చేసి, తప్పు చేసి, దిద్దించుకుని నేర్చుకున్నారు. సోఫీకి నోట్సు దొరికింది గానీ దిద్దేవాళ్లు దొరకలేదు. పుస్తకం నుంచి ఒంటరిగా నేర్చుకున్న చదువులో ఎక్కడ బొక్క ఉందో నేర్చుకున్నవాళ్లకు తెలియదు, పరీక్ష గదిలోనే బయటపడుతుంది. ఆమెకు అది దేశంలోని మహామహుల ముందు బయటపడింది.

రెండోసారి 1813లో మళ్లీ ఆమె ఒక్కతే. ఈసారి సరైన సమీకరణం నుంచి మొదలుపెట్టి, వచ్చిన జవాబులను క్లాడ్నీ ముగ్గులతో పోల్చి చూపింది. పోలిక చాలా చోట్ల బాగుంది. కానీ సమీకరణం ఎలా వచ్చిందో నిరూపించడంలో ఇంకా లోపముంది. ప్రశంస మాత్రం ఇచ్చి మళ్లీ గడువు పొడిగించారు. ఈలోగా లాగ్రాంజ్ చనిపోయాడు. 1814లో ఇన్‌స్టిట్యూట్ సభ్యుడైన పాయిసన్, పోటీ ఇంకా నడుస్తుండగానే, అదే విషయం మీద తన సొంత వ్యాసం సభ ముందు చదివాడు. ఆయనకు చదువుంది, సహచరులున్నారు, పత్రాలు చూసే వీలుంది. సోఫీకి ఇవేవీ లేవు. ఆయన దారి వేరైనా చేరిన సమీకరణం అదే.

ఆమె మానలేదు. మూడోసారి పంపింది. 1816 జనవరి 8న ఇన్‌స్టిట్యూట్ ఆమెకు బహుమతి ప్రకటించింది. నిరూపణ మీద తమకు ఇంకా అనుమానాలున్నాయని పరీక్షకులు చెప్పి మరీ ఇచ్చారు. ఆ సంస్థ చరిత్రలో అలాంటి బహుమతి ఒక స్త్రీకి రావడం అదే మొదటిసారి. ఆమెను చూడాలని జనం వచ్చారు. ఆమె మాత్రం సభకు వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదన్న దానికి రకరకాల కారణాలు రాస్తారు.  ఆ తర్వాత కూడా ఇన్‌స్టిట్యూట్ ఆమె పనిని అచ్చు వేయలేదు. 1821లో తన ఖర్చుతో తనే పుస్తకంగా వేసుకుంది.

ఆమె పలకను మందం లేని తలంగానే చూసింది. మందంలోకి వెళ్లి, పైపొర కుదించుకోవడం, అడుగు పొర సాగడం అన్నదాన్ని పలకకు సరిగ్గా అన్వయించినవాడు నావియే అనే ఇంజినీరు. 1820లో ఆయన ఆ పని అకాడమీకి సమర్పించాడు. బీమ్‌లో తటస్థ పొర ఎక్కడుంటుందో తేల్చి, స్ట్రెస్ లెక్కను ఇంజినీర్లకు పాఠంగా 1826లో అచ్చు వేసినవాడూ ఆయనే. ఈ రోజు కాలేజీలో చెప్పే రూపం దాదాపు అదే. పలక అంచుల దగ్గర ఏం జరుగుతుందన్న చిక్కు 1850లో కిర్కాఫ్ చేతిలో విడింది. ఇలా నలుగురి చేతులు పడ్డాకే ఆ సిద్ధాంతం పూర్తయింది. మొదటి చెయ్యి సోఫీది.

ఇదంతా మీ ఇంటికి ఎంత దూరమంటారా? మీ నెత్తిన ఉన్న స్లాబు కూడా రెండు దిక్కుల్లో వంగే పలకే. కాంక్రీటు నిర్మాణాలకు మన దేశంలో పాటించే ఐఎస్ 456 ప్రమాణంలో అనుమానం వచ్చిన స్లాబును పరీక్షించే పద్ధతి ఉంది. బరువులు పెట్టి 24 గంటలు ఉంచి, ఎంత దిగిందో కొలుస్తారు. ఆనింపుల మధ్య దూరాన్ని మీటర్లలో తీసుకుని వర్గం చేసి, 40తో హెచ్చించి, స్లాబు మందం మిల్లీమీటర్లతో భాగిస్తారు. నాలుగు మీటర్ల దూరం, 125 మిల్లీమీటర్ల మందం ఉంటే 5 మిల్లీమీటర్ల పైచిలుకు వస్తుంది. దిగిన దూరం అంతకంటే తక్కువైతే ఇక వేరే పరీక్ష అక్కర్లేదు. ఎక్కువైతే, బరువు తీశాక ఎంత మేరకు తిరిగి పైకి లేచిందో చూడాలి. దూరపు వర్గం పైన, మందం కింద: స్కేలుకు మనం వేసిన లెక్కనే ఇక్కడ తిరగేశారు. స్లాబు లోపలి స్ట్రెస్‌ను ఎవరూ చూడలేరు కనుక, దిగిన మిల్లీమీటర్లను అడిగి తెలుసుకుంటున్నారు.

1822లో ఫోరియర్ అకాడమీ కార్యదర్శి అయ్యాడు. ఆయన సోఫీకి మిత్రుడు. ఆయన చొరవతో ఆమెకు అకాడమీ సమావేశాల్లో కూర్చునే వీలు దొరికింది. సభ్యుల భార్యగా కాకుండా తన హోదాలో అలా కూర్చున్న మొదటి స్త్రీ ఆమె. అప్పటికి ఆమె వయసు నలభై దాటింది.

1829లో రొమ్ము క్యాన్సర్ అని తెలిసింది. నొప్పితోనే పని చేస్తూ వచ్చింది. తలాల వంపు మీద రాసిన వ్యాసం 1831లో జర్మన్ పత్రికలో వచ్చింది. రెండు దిక్కుల వంపులను కలిపి చూడాలన్న తన పాత ఆలోచననే అందులో మరింత లోతుగా రాసింది. గణితంలో సగటు వంపు అని ఈ రోజు చెప్పే భావన అక్కడిదే. అదే ఏడాది జూన్ 27న పారిస్‌లో చనిపోయింది. 55 ఏళ్లు. మరణ ధ్రువపత్రంలో వృత్తి అన్న చోట, ఆస్తి మీద వచ్చే ఆదాయంతో బతికే మనిషి అని రాశారు.

1889లో ఈఫిల్ టవర్ కట్టినప్పుడు మొదటి అంతస్తు చుట్టూ 72 మంది ఫ్రెంచి శాస్త్రవేత్తల, ఇంజినీర్ల పేర్లు చెక్కించారు. లాగ్రాంజ్, పాయిసన్, నావియే, ఫోరియర్ నలుగురూ అందులో ఉన్నారు. సోఫీ జెర్మేన్ పేరు పెట్టలేదు, అసలు ఒక్క స్త్రీ పేరూ లేదు. పారిస్‌లో ఒక వీధికి, ఒక హైస్కూలుకు మాత్రం ఆమె పేరు ఉంది.